తోస్తే తెరుచుకునే తలుపు

కొమ్ముల హిల్మా కువోపియో పట్నంలో డిటెక్టివ్ ఇంటి మెట్లెక్కి వచ్చినప్పుడు ఆమె చేతులు వణకడం చూసి ఒన్ని తన కళ్ళను తానే నమ్మలేదు. వణికే చేతులు కావవి. సరస్సు చుట్టూ నలభై ఊళ్ళలో నడుములకూ మెడలకూ ఆవుకొమ్ములు తగిలించి చెడునెత్తురు తీసిన చేతులు. ఆమె గాటు పెడితే దోమ కుట్టినంత కూడా తెలియదంటారు. ఒకసారి ఒక పాస్టరుగారు ఆ కొమ్ముల కింద బోర్లా పడుకుని, రేపటి ప్రసంగమంతా నిద్రలోనే చెప్పేశాడట. మర్నాడు చర్చిలో మేలుకుని చెప్పినదానికంటే అదే బాగుందని విన్నవాళ్ళు ఇప్పటికీ ప్రమాణం చేస్తారు.

"కూచో హిల్మా. కాఫీ తాగు. తరవాత ఏడు," అంది టెక్లా హర్మాలా.

టెక్లాకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు చెక్కపనీ కుట్టుపనీ నేర్పి, పింఛను తీసుకున్న మర్నాడే ఇంటి ముందు 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు కట్టింది. తపాలా ఆఫీసులో పని మానేసి ఆమె దగ్గర చేరిన ఒన్ని, దేవుడు ఏడో రోజున విశ్రాంతి తీసుకోకుండా ఈమెను తయారుచేశాడని నమ్మేవాడు. పైకి మాత్రం అనేవాడు కాదు. అంటే ఆమె సూదితో పొడిచేది.

"శనివారం నాడు నన్ను పట్టుకుపోతారమ్మా," అంది హిల్మా. "కానిస్టేబుల్ తౌనో చెప్పాడు. కాగితం వచ్చేదాకా ఊరు దాటద్దన్నాడు. పాలబండిలో డబ్బాల మధ్య దాక్కుని వచ్చా."

"ఎవర్ని చంపావని?"

"ఈసక్కి పెద్దాయన్ని. సౌనాలో పెట్టి తలుపు బిగించానట!"

ఒన్ని చేతిలో పెన్సిలు ఆగిపోయింది. కైస్లాసల్మి ఊరి ఈసక్కి అంటే పడవలు చేసే ఈసక్కి. ఆయన చేసిన పడవ మంచు కురిసిన పొద్దున గడ్డిమీద కూడా తేలుతుందని పేరు. కిందటేడు మాత్రం ఆయన కర్మాగారం నుంచి వచ్చిన పడవ ఒకటి నడిసరస్సులో విడిపోయి ఇద్దరు మునిగిపోయారు. అప్పటినుంచి ఆ పేరు కూడా మునిగింది.

హిల్మా చెప్పినదిది. పోయిన శనివారం మధ్యాహ్నం ఆమె ఈసక్కి సౌనా, ఆవిరిస్నానం గది, కాచింది. నాలుగింటికి ఆయన వీపుకు ఎనిమిది కొమ్ములు పెట్టింది. ఐదింటికి ఇద్దరూ బయటికొచ్చి అరుగుమీద చల్లబడ్డారు. ఆయన మళ్ళీ ఒకసారి ఆవిరి పట్టి వస్తానన్నాడు. నెత్తురు తీశాక వద్దని హిల్మా పోట్లాడింది. ఆయన నవ్వి సరస్సులోకి దూకాడు. ఆమెకు కోపమొచ్చి సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. రాత్రి ఎనిమిదింటికి ఆయన వేడిగదిలో చచ్చిపడి ఉన్నాడు. అరచేతులు కమిలి, భుజం నల్లబడి.

"పోట్లాడేటప్పుడు ఏమన్నావు?" అడిగింది టెక్లా.

హిల్మా తలొంచుకుంది. "'లోపలికెళ్ళావంటే చస్తావు ముసలాడా' అన్నా. అప్పుడే ఒడ్డువెంట పడవలో ఎవరో పోతున్నారు."

"గొంతు చిన్నది కాదుగా నీది."

"కాదమ్మా. ఇప్పుడు ఊళ్ళో ఒక్క సౌనాలోకీ నన్ను రానివ్వడం లేదు. నా ముందు చొక్కా విప్పే మనిషి లేదు. జైలు మాట అటుంచు, నాకు వీపు తిప్పే మనిషే లేకపోతే నేనెలా బతకాలి?"

టెక్లా అల్లిక పక్కన పెట్టింది. "చివరి ప్రశ్న. కొమ్ములు పెట్టించుకుంటూ ఆయన ఏమైనా అన్నాడా?"

"'ఆవిరికి కరగని మురికి ఒకటుంది హిల్మా, సోమవారం పట్నం వెళ్ళి అది కడిగేసుకుంటా' అన్నాడు. పైగా సైమికి కబురు పంపాడు, ఆ సాయంత్రమే వచ్చి పొమ్మని. మునిగిపోయినవాళ్ళలో ఒకడు ఆ సైమి మొగుడే. ఏడాదిగా ఆవిడ ఆయన మొహం చూడలేదు."

*

ఈసక్కి సౌనా సరస్సు ఒడ్డునే ఉంది. పొగగొట్టం లేని పాతకాలపు పొగసౌనా. ముందు తెల్లగా తోమిన చిన్న గది, దాని వెనక వేడిగది. వేడిగదిలో గోడలు, బల్లలు, కప్పు అన్నీ కాకి రెక్కలా నల్లగా మసి. మధ్యలో రాళ్ళ పొయ్యి. కిటికీ అంటే అరచేయి వెడల్పు పొగకంత, అంతే.

కానిస్టేబుల్ తౌనో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వెడల్పు మనిషి. అతను నిలబడితే గుమ్మానికి వేరే తలుపు అక్కర్లేదు.

"టీచరమ్మా, చిన్నప్పుడు మీరు నాచేత పక్షిగూడు చేయించారు. అందులో పక్షి ఉండలేదు. ఆ కోపం ఇప్పుడు తీర్చుకోకండి. కేసు తేలిపోయింది. హిల్మా బయటినుంచి గెడకర్ర పోటు పెట్టింది. పెద్దాయన లోపల తలుపు బాది బాది పోయాడు. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు, గుండె ఆగిందని."

"ఆయన అరిచుంటాడుగా. ఎవరూ వినలేదా?"

"శనివారం సాయంత్రం ఎవరు వింటారండీ? ఊరంతా ఎవరి సౌనాలో వాళ్ళుంటే!"

ఆ మాటకు ఒన్ని ఒడ్డుకేసి తిరిగి చూశాడు. ఒడ్డు పొడుగునా ఇరవై సౌనాలు, ఇరవై పొగలు, ఇరవై కుటుంబాలు. వాటి మధ్య ఒక్కడు అరుస్తూ ఉన్నాడు. ఎవరికివాళ్ళు రాళ్ళమీద నీళ్ళు పోసి, ఆ బుస వింటూ హాయిగా కళ్ళు మూసుకున్నారు.

టెక్లా వేడిగది తలుపు ముందు మోకాళ్ళమీద కూచుంది. మందపాటి జంటపలకల తలుపు. ఇనుము వాడలేదు, వేడికి కాలుతుందని. పైనా కిందా గుండ్రటి చెక్కమొలలు గుంటల్లో తిరుగుతాయి. వదిలేస్తే తనంతట తానే వచ్చి మూసుకునేలా కాస్త వాల్చి నిలబెట్టాడు ఈసక్కి. బయటివైపు లాగడానికి వంకర బిర్చి కొమ్మతో పిడి ఉంది. లోపలివైపు పిడి లేదు. అరచెయ్యి ఆనే ఎత్తున అడ్డంగా ఒక చదును పలక, అంతే. గదంతా నల్లగా ఉన్నా ఆ పలక నడుమ మాత్రం నలభై ఏళ్ళ అరచేతులు రాసి రాసి తేనెరంగులో మెరుస్తోంది.

"గడియ లేదేం?" అంది, తెలియనట్టు.

"సౌనా తలుపుకి గడియ పెట్టేవాడు మా ఊళ్ళో పుట్టలేదు," అన్నాడు తౌనో. "లోపల కళ్ళు తిరిగి మీద పడ్డా చాలు, తలుపు బయటికి తెరుచుకోవాలి. నడక రాని పసివాడికి కూడా తెలుసు."

"పసివాడికెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి? చూస్తే తెలియడంలా?"

"అదే నేనూ అంటున్నా. చెంచాను చూస్తే పట్టుకునే కొస ఏదో, నోట్లో పెట్టుకునే కొస ఏదో తెలుస్తుంది. చెంచాయే చెబుతుంది. ఈ పలక కూడా చెబుతోంది, తొయ్యమని." ఆమె వేలితో నేల తడిమింది. "మెత్తటి ఆస్పెన్ చెక్క. గోటితో గీస్తే గీత పడుతోంది. పోటు పెట్టిన గెడ కొస ఎక్కడ ఆనింది తౌనో? ఈసక్కిలాంటి మనిషి భుజంతో గుద్దితే ఆ కొస నేలలో గుంట తవ్వాలే."

తౌనో నేలను చూశాడు. నేల నున్నగా ఉంది. అతను మీసం తిప్పడం మానేశాడు.

ద్వారబంధానికి లోపలి అంచున నిలువుగా సన్నటి పట్టీ ఉంది. తలుపు వచ్చి ఆనేది దానికే. అది అక్కడుంది గనకే తలుపు లోపలికి పోకుండా ఆగుతుంది. నాలుగు చెక్కమేకులతో బిగించి ఉంది. గది మొత్తంలో ఆ నాలుగు మేకుల తలలే మసి లేకుండా తెల్లగా ఉన్నాయి. టెక్లా తలుపు దాటి బయటి అంచుకు వచ్చింది. అక్కడ ఒక్కచోట చెక్క మిగతా గోడకంటే తెల్లగా ఉంది, ఎవరో బూడిద సబ్బుతో గట్టిగా తోమినట్టు. తోమినా పోని నాలుగు నల్లచుక్కలు నిలువుగా వరసలో ఉన్నాయి. ఆమె సూది తీసి ఒక చుక్కలో గుచ్చింది. సూది లోపలికి దిగింది. కొసకు మైనం అంటింది.

"రాసుకున్నావా ఒన్నీ?"

"రాశాను. ఏం రాశానో మాత్రం నాకు తెలియలేదు."

"మంచిది. తెలిసి రాస్తే అందంగా రాస్తావు, నాకు చదవడం కష్టం."

ముందుగదిలో ఈసక్కి కోటు ఇంకా కొక్కేనికి వేలాడుతోంది. జేబులో మూడు పడవమేకులు. "పడవలు చేసేవాడి జేబులో మేకులు కాక మిఠాయిలుంటాయా," అన్నాడు తౌనో. రాగి తలల మేకులవి. టెక్లా ఒకదాన్ని తిరగేసి చాకుతో గీకింది. తల కింద నుంచి ఎర్రటి తుప్పు పొడిలా రాలింది.

"డాక్టరు కాగితంలో ఇంకేముంది?"

"ఎడమ చెంపమీద చెక్క గీసుకున్న గీత. దానికి నెత్తురు రాలేదట. ఎందుకో మరి."

"చచ్చినవాడికి నెత్తురు రాదు తౌనో," అంది టెక్లా నెమ్మదిగా. "ఆ గీత పడేటప్పటికే ఆయన లేడు."

*

సైమి ఇల్లు సరస్సుకు అవతలి ఒడ్డున ఉంది. నల్లబట్టల మనిషి, నలభై ఏళ్ళది. కాఫీ పోసింది, చేప పొదిగిన రొట్టె కోసింది, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా ఇచ్చింది.

"ఆయన చచ్చాడని నేను ఏడవలేదు. ఏడుస్తానని ఎవరైనా అంటే అబద్ధం."

"మరి ఆ సాయంత్రం ఎందుకు వెళ్ళావమ్మా?" అడిగింది టెక్లా.

"అర్తురి వచ్చి రమ్మన్నాడు. ఆయన తమ్ముడి కొడుకు. పెదనాన్న నీతో మాట్లాడాలంటున్నాడు, ఎనిమిదింటికి తీసుకెళ్తా అన్నాడు. ఆరు కాకముందే వచ్చాడు పడవలో. ఎనిమిదిదాకా నా కట్టెలన్నీ కొట్టిపెట్టాడు. మంచివాడు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ వాడే చూస్తున్నాడు ఇవన్నీ."

"ఇద్దరూ కలిసి వెళ్ళారు. అప్పుడేమైంది?"

"అరుగుమీద ఆయన లేడు. పిలిస్తే పలకలేదు. అర్తురి నా ముందు పరిగెత్తాడు. భుజంతో ఒక్క తోపు తోశాడు. తలుపుకేదో అడ్డం పడింది. ఇంకో తోపు తోసి లోపల పడ్డాడు. పెద్దాయన గుమ్మం పక్కనే, కింద సందు దగ్గర నోరు పెట్టుకుని..." సైమి కాఫీ కప్పు కిందపెట్టింది. "పగవాడైనా అలా చావకూడదు."

ఒన్ని రాసుకుంటూ పోయాడు. టెక్లా మాత్రం ఒక్క క్షణం రొట్టె నమలడం ఆపింది.

"శవాన్ని ఎవరు కడిగారు?"

"అదే వింత. మా వైపు సౌనాలోనే కదా కడుగుతాం. కడిగేది ఆడవాళ్ళం. ఎప్పుడూ హిల్మానే పిలుస్తారు. అర్తురి ఎవర్నీ ఉండనివ్వలా. 'పెదనాన్నని నేనే కడుగుతా, మీరంతా ఇళ్ళకు పొండి' అన్నాడు. శవం కడిగిన మగాణ్ణి ఇదే చూడ్డం. అంత ప్రేమ అనుకున్నాం."

"హిల్మాని పిలవలేదు గనక హిల్మా మీద అనుమానం కూడా అప్పుడే పుట్టిందేమో."

"ఊరన్నాక పుట్టదా?" అంది సైమి. ఆ మాటలో కాస్త సిగ్గు ఉంది.

పడవల కర్మాగారంలో అర్తురి చిత్రిక పడుతున్నాడు. ముప్పై రెండేళ్ళు, తెల్లటి పళ్ళు, నెమ్మదైన మాట. మూలన గుడ్డ కప్పి ఒక పడవ బోర్లించి ఉంది. కిందటేడు మునిగినదాన్ని వేసవిలో పైకి లాగారు. గుడ్డ ఎత్తి చూస్తే ఒక పలక కొత్తగా కోసేసి ఉంది.

"పెదనాన్న కోశాడండీ, పోయినవారమే," అన్నాడు అర్తురి. "తన తప్పేంటో తెలుసుకోవాలని ఆయనకి ఒకటే బెంగ. నిద్ర లేదు. గుండెకి అదే పట్టుకుంది. హిల్మత్తని నేనేమీ అననండి. ముసలిది, కోపంలో ఏదో చేసుంటుంది."

"చాలా పెద్ద మనసు నాయనా నీది," అంది టెక్లా. "ఈ పడవకి మేకులు కొట్టింది ఎవరు?"

చిత్రిక ఆగింది. మళ్ళీ కదిలింది. "పెదనాన్నే. అన్నీ ఆయనే."

బయటికొచ్చాక ఒన్ని ఆగలేకపోయాడు. "ఐదున్నరకి ఈసక్కి రెండోసారి లోపలికెళ్ళుంటాడు. ఆరింటికే అర్తురి అవతలి ఒడ్డున కట్టెలు కొడుతున్నాడు. సైమి సాక్షి. తలుపుకి గడియ లేదు, గెడ లేదు, పట్టుకున్న మనిషి లేడు. మరి ఆ తలుపు ఎందుకు తెరుచుకోలేదండీ?"

"తెరుచుకునేదే," అంది టెక్లా. "ఆ సాయంత్రమంతా తెరుచుకునే ఉంది, ఒన్నీ. అదే నాకు భయమేస్తోంది."

*

శనివారం మధ్యాహ్నం రెండింటికి టెక్లా అందర్నీ ఈసక్కి సౌనా అరుగుమీదికి పిలిపించింది. తౌనో కాగితంతో వచ్చాడు. దాన్ని జేబులో పెట్టుకున్నా అందరికీ కనిపిస్తూనే ఉంది. హిల్మా చివర ఒంటరిగా కూచుంది. ఆమె పక్క బల్లమీద ఇద్దరికి చోటున్నా సైమి నిలబడే ఉంది.

"పొయ్యి కొంచెం కాచాను," అంది టెక్లా. "ఒక్కొక్కరే వెళ్ళి పెద్దాయన పేర ఒక గరిటె నీళ్ళు రాళ్ళమీద పోసి రండి. ఆ తరవాతే మాట్లాడుకుందాం. ఇంటివాడివి, ముందు నువ్వే అర్తురి. ఈ బాల్చీ పట్టుకో, రెండు చేతులా. నిండుగా ఉంది."

ఆమె తలుపు దగ్గర వీపు ఆనించి దారి ఇచ్చింది. చీకటి గదిలోంచి వేడి మొహానికి కొట్టింది. అర్తురి నేలకేసి, పెదనాన్న పడి ఉన్న చోటుకేసి చూస్తూ లోపలికి నడిచాడు. తలుపు మెల్లగా వచ్చి మూసుకుంది. టెక్లా వేలు పెదవులమీద పెట్టుకుంది. ఒన్ని గడియారం తీశాడు.

రాళ్ళు బుస్సుమన్నాయి. అడుగులు తలుపు దాకా వచ్చాయి. పలకమీద అరచేయి ఒకసారి చప్పుడు చేసింది. తలుపు కదల్లేదు.

తరవాత లోపల ఊపిరి కూడా వినిపించలేదు.

ఆ వెంటనే ఎవరో నేలమీద పడ్డట్టు మోకాళ్ళ చప్పుడు. కింది సందులో నాలుగు వేళ్ళు కనిపించాయి. గోళ్ళు చెక్కను పట్టుకుని లాగాయి. తలుపు లోపలికి తెరుచుకుంది. చెమటలు కక్కుతూ అర్తురి బయటికొచ్చాడు.

"తడికి ఉబ్బినట్టుంది," అన్నాడు నవ్వబోతూ.

"ఉబ్బి ఉంటుంది. అక్కడ కూచో నాయనా, ఒన్ని పక్కన. తౌనో, నువ్వు పద."

తౌనో లోపలికెళ్ళాడు. నీళ్ళు పోశాడు. వచ్చి పలకమీద చెయ్యి వేసి తోశాడు. మళ్ళీ తోశాడు. రెండు చేతులతో తోశాడు. "ఏంటిది? ఒన్నీ, ఎకసెక్కాలు చాలు, తీయి!" భుజంతో గుద్దాడు. గోడలు అదిరాయి. "ఎవడ్రా బయట పట్టుకుంది! లోపల కాలిపోతున్నా!" ఆ గొంతులో మొదట కోపం ఉంది. కాసేపటికి కోపం పోయింది. మిగిలింది అరుగుమీద అందరికీ వినిపించింది. సైమి చెవులు మూసుకుంది. ఒన్ని గడియారం చూసి "రెండు నిమిషాలు" అన్నాడు.

టెక్లా ఒక్క వేలితో తలుపును లోపలికి నెట్టింది. తౌనో ఎర్రగా ఉడికిన మొహంతో నిలబడి ఆ వేలినే చూస్తున్నాడు.

"ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు.

"ఎవరూ పట్టుకోలేదు. లాగితే వచ్చేది."

"లాగడానికి అక్కడ ఏముంది టీచరమ్మా! తోసే పలక ఉంటే లాగమంటారేంటి!"

"అదీ మాట. కూచో, నీళ్ళు తాగు. ఇలా రెండున్నర గంటలు ఊహించుకో." టెక్లా అందరివైపు తిరిగింది. "ఈ తలుపు మొలలమీద రెండువైపులా తిరగగలదు. ఎటు తిరగాలో చెప్పేది ఒక్కటే, ఆ సన్నటి పట్టీ. అది లోపలి అంచున ఉన్నన్నాళ్ళూ తలుపు బయటికి తెరుచుకుంది. దాన్ని ఊడదీసి బయటి అంచున దిగ్గొడితే తలుపు లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది. నిన్న ఒన్ని ఆ పని చేశాడు, హంతకుడు ముందే చేసిపెట్టిన నాలుగు బెజ్జాల్లోనే, మైనం తీసి. కొయ్యసుత్తికి గుడ్డ చుట్టి కొడితే ఏడు నిమిషాలు పట్టింది. చప్పుడు లేదు.

"పోయిన శనివారం హిల్మా వెళ్ళింది. పెద్దాయన సరస్సులో ఈదుతున్నాడు. ఆ సందులో ఒకడు పట్టీ మార్చాడు. ఆయన తిరిగొచ్చాక నీళ్ళ బాల్చీ రెండు చేతులకూ ఇచ్చి, తలుపు తానే పట్టుకుని 'పద పెదనాన్నా' అన్నాడు. చేతుల్లో బరువున్న మనిషి తలుపు ఎటు కదిలిందో చూడడు. ఇప్పుడు మీరెవరైనా చూశారా? ఆ తరవాత అతను పడవెక్కి వెళ్ళిపోయాడు. తాళం వెయ్యలేదు. గెడ పెట్టలేదు. ఎవరైనా వచ్చి చూసినా ఏమీ కనపడదు. కాపలాగా ఈసక్కి అలవాటునే నిలబెట్టి పోయాడు."

"ఎవరండీ అతను?" అంది సైమి. కానీ ఆమె కళ్ళు అప్పటికే ఒకవైపు తిరుగుతున్నాయి.

"నువ్వే చెప్పావమ్మా. బయటికి తెరుచుకునే తలుపును అర్తురి బయటినుంచి భుజంతో తోసి లోపల పడ్డాడన్నావు. ఎలా పడ్డాడు? ఊరంతటికీ చేతికొచ్చినట్టు కొమ్మ పిడి పట్టుకుని లాగాలి కదా. లాగితే రాదని అతనికి ముందే తెలుసు. తోసినప్పుడు అడ్డం పడింది పెద్దాయన శరీరం. చెంపమీద నెత్తురు రాని గీత గీసింది తలుపు అంచు. తరవాత అందర్నీ పంపేసి, శవం కడిగే వంకతో పట్టీ మళ్ళీ లోపల బిగించాడు. మసి పట్టీ ఆనిన తెల్లచెక్కను తోమాడు. కొత్త మేకుల తలలకు మసి పుయ్యడం మరిచాడు."

అర్తురి లేవబోయాడు. తౌనో అరచేయి అతని భుజం మీద పడింది.

"ఇవన్నీ ఊహలు," అన్నాడు అర్తురి. "నేను కూడా తోశాను ఇందాక. మీరంతా విన్నారు."

"విన్నాం. ఒక్కసారి తోశావు. మొదటి తోపు ఎవరిదైనా ఒకటే. కదలకపోతే తౌనో ఏం చేశాడు? ఇంకా గట్టిగా తోశాడు. నేనైనా, హిల్మా అయినా, పోయిన పెద్దాయనైనా అంతే చేస్తాం. నువ్వు మాత్రం మోకాళ్ళమీద పడి కింది సందు వెతుక్కున్నావు. ఆ తలుపు లోపలికి కూడా వస్తుందని ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు." టెక్లా కోటు జేబులోంచి మూడు మేకులు తీసి సైమి చేతిలో పోసింది. "ఇవి నీ మొగుడి పడవలోవి. పెద్దాయన కోసి తీశాడు. తల రాగి, ఒళ్ళు ఇనుము. చూసినవాడికి రాగిమేకునని చెబుతుంది, నీళ్ళలో మాత్రం ఏడాదికే తుప్పుపట్టి ఊడిపోతుంది. డబ్బు మిగుల్చుకోడానికి ఇనుముకి ఆ రాగిటోపీలు తొడిగింది ఎవరో ఆయనకు తెలిసిపోయింది. సోమవారం పట్నంలో చెప్పబోయాడు. అంతకుముందు నీకు చెప్పాలనుకున్నాడు. ఆ మాట నీకు అందకుండా, నీ ఇంట్లోనే కూచుని కట్టెలు కొట్టాడు ఇతను."

సైమి మేకుల్ని చూస్తూ ఉండిపోయింది. కొట్టడానికి చెయ్యెత్తలేదు. అరవలేదు. "నా కాఫీ తాగావు," అంది, అంతే. "రెండు కప్పులు తాగావు."

అర్తురి మొహంలో ఏదో విరిగింది. "ఒక్కసారి లాగి చూస్తే చాలు," అన్నాడు గొణుగుతూ. "ఒక్కసారి. సందులో వేలు పెడితే బయటపడేవాడే. లాగి చూడలేదు. అది నా తప్పా? నేను తాళం వేశానా?"

టెక్లా తలుపుమీద చెయ్యి వేసి అంది.

"ఆ తలుపు ఆయన చేతులతో చేసింది నాయనా. పడిపోయేవాణ్ణి కూడా కాపాడాలని చేసింది. నలభై ఏళ్ళు ఒక్క అబద్ధం చెప్పలేదు అది. తన చేతిపని తనకే ఎదురు తిరుగుతుందని ఏ పనివాడు అనుకుంటాడు? చివరిదాకా దాన్నే నమ్మి తోశాడు. నీకది తెలుసు. అది తెలిసే కదా పట్టీ మార్చావు."

తౌనో జేబులోంచి కాగితం తీశాడు. హిల్మా పేరున్నచోట పెన్సిలుతో గట్టిగా కొట్టేశాడు. కాగితం చిరిగింది.

*

తౌనో అర్తురిని పడవలో తీసుకెళ్ళాక అరుగుమీద నలుగురే మిగిలారు. హిల్మా లేవలేదు. తప్పు లేదని తేలినా ఎటు పోవాలో తెలియని మనిషిలా కూచుంది. కొట్టేసింది తౌనో పెన్సిలే, ఊళ్ళో నాలుకలు కావు. అది ఆమెకు తెలుసు. టెక్లాకూ తెలుసు.

సైమి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"కొమ్ముల సంచీ తెచ్చావా?"

"తెచ్చా. జైల్లో లాక్కుంటారేమో అనుకున్నా."

"ఏడాదిగా నా మెడ తిరగడం లేదు. ఇటు చూడాల్సిన మనిషిని చూడకుండా ఉంటే మెడకేం మిగులుతుంది? నా సౌనా కాగుతోంది. పద."

"ఊరు చూస్తుంది సైమీ."

"చూడమనే ఒడ్డున కట్టించాం సౌనాలు. లే."

ఆ సాయంత్రం సైమి సౌనా తలుపు బార్లా తీసే ఉంది. ఆవిరంతా గుమ్మంలోంచి సరస్సుమీదికి తెల్లగా పోతుంటే, కట్టె విలువ తెలిసినవాళ్ళు ఒడ్డులమీద నిలబడి చూశారు. లోపల సైమి బల్లమీద బోర్లా పడుకుని, కొమ్ములూ చాకూ పట్టుకున్న మనిషికి తన వీపు ఇచ్చి కళ్ళు మూసుకుంది.

కాసేపటికి ముగ్గురు ఆడవాళ్ళు భుజాన తువ్వాళ్ళు వేసుకుని వచ్చి మెట్లమీద కూచున్నారు. ఎవరూ రమ్మనలేదు. వాళ్ళు లోపలికి తొంగిచూడకుండా, మాట్లాడకుండా, తమ వంతు కోసం ఎదురుచూశారు.